పాత వినైల్ నేల: కప్పేయడమా, పెకలించడమా?

చెన్నైలో టీ నగర్, పశ్చిమ మాంబళం వైపు ముప్పై నలభై ఏళ్ల నాటి ఫ్లాట్లు కొనుక్కునేవారికి నేల విషయంలో మొదట వచ్చే సందేహం ఇదే. మొజాయిక్ అయినా ఎర్ర గచ్చు అయినా పెద్ద చిక్కు లేదు. ఆగి ఆలోచించవలసింది ఏదో ఒక గదిలో అంటించి ఉన్న 9 అంగుళాల గట్టి వినైల్ పలకల దగ్గర. ఒకప్పుడు వీటిలో బలం కోసం ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు నార కలిపేవారు. అలాంటి పలకల కోసం ఐఎస్ 3461 అని మన దేశంలో ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉండేది. కింద పూసిన నల్లటి తారు జిగురులోనూ అది ఉండవచ్చు. కంటితో చూసి చెప్పలేం, ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కిందే తేలుతుంది.

మేస్త్రీ మాత్రం పెకలించడానికే మొగ్గుతాడు. "ఒక్క పూట పని సార్" అంటాడు. పలకలు ఊడిరావడం నిజంగానే ఒక్క పూట పని. ఆ తర్వాత జిగురు పోవడానికి గ్రైండర్ పెడతారు, అసలు ప్రమాదం అక్కడ. పలకలో బిగుసుకుని ఉన్నంతకాలం ఆ నారపోగుల వల్ల దాదాపు హాని ఉండదు. గ్రైండర్ వాటిని పొడి చేసి గాలిలో కలుపుతుంది. ఆస్‌బెస్టాస్‌లో అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు బయటపడేది దశాబ్దాల తర్వాత. ఆ దుమ్ము ముందుగా పీల్చేది ముక్కుకు తువ్వాలు కట్టుకున్న కూలీ. మేస్త్రీ ఇచ్చే అంచనా కాగితంలో ఆ ఖర్చు కనబడదు. చీపురుతో ఊడ్చినా, మామూలు వాక్యూమ్ క్లీనర్ వాడినా దుమ్ము ఇంకా వ్యాపిస్తుంది. పద్ధతిగా తీయాలంటే పలకలను తడిపి, విరగకుండా లేపి, మందపాటి పాలిథిన్‌లో మూసి, ప్రమాదకర వ్యర్థంగా పంపాలి. ఇళ్లకు వచ్చి ఆ పని చేసే శిక్షణ పొందినవారు సులభంగా దొరకరు.

ఇక కప్పేయడం. పైన సిరామిక్ టైల్స్ వేయించాలనుకుంటే ఒక మెలిక ఉంది. మొజాయిక్ మీద పాలిమర్ జిగురుతో టైల్ చక్కగా పట్టుకుంటుంది, నున్నటి వినైల్ మీద పట్టుకోదు. పట్టు కోసం గీకుదామంటారు, అంటే మళ్లీ దుమ్మే. పైగా నేల 12 నుంచి 15 మిల్లీమీటర్లు లేస్తుంది, తలుపులన్నీ కోయాలి. చుట్టగా వచ్చే వినైల్ షీటు చవకే గానీ, పాత అతుకులు పైకి కనబడతాయి. దాన్ని జిగురుతో అంటిస్తే, రేపు పీకేటప్పుడు పాత పలకలు కూడా దాంతో పాటే ఊడి వస్తాయి.

నా ఓటు ఎస్‌పీసీ పలకలకే, అంటే రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన గట్టి పలకలకు. మందం 4 నుంచి 6 మిల్లీమీటర్లు. ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి కాబట్టి మేకు, జిగురు, గీకుడు ఏవీ అక్కర్లేదు. రేపు తీయాల్సి వచ్చినా కింద నేల కదలదు. గోడ అడుగున ఉండే పాత స్కర్టింగ్‌ను కూడా పీకించవద్దు, అంచున సన్నటి పట్టీ పెట్టిస్తే చాలు.

ఈ మాట పై అంతస్తులకు. చెన్నైలో కింది అంతస్తు లెక్క వేరు. ఈశాన్య రుతుపవనాల కాలంలో భూగర్భజలం పైకి వచ్చి నేల చెమ్మగిల్లుతుంది. నీటికి ఎస్‌పీసీ చెడిపోదు, కానీ చెమ్మ లోపలే చిక్కుకుని పాత జిగురు వదిలేస్తుంది, బూజు పడుతుంది. మే నెలలో పరీక్షిస్తే ఏమీ తెలియదు. నవంబరులో అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి, ఒకరోజు ఆగి, అడుగున నీటి చుక్కలు ఉన్నాయేమో చూడండి.

చుక్కలు కనబడినా, పలకలు ఇప్పటికే లేచి విరుగుతున్నా కప్పడం పనికిరాదు. అప్పుడు పరీక్ష చేయించి, ఆస్‌బెస్టాస్ ఉందని తేలితే ఖర్చయినా తడి పద్ధతిలోనే తీయించాలి.

కప్పేసినవారు మాత్రం అడుగున ఏముందో ఫొటోతో సహా రాసి ఇంటి పత్రాల్లో పెట్టాలి. తర్వాత ఇల్లు కొనేవారు పైపు కోసం నేల తవ్వించేటప్పుడు ఆ కాగితమే ఆధారం.