బెంగళూరు బాల్కనీ టబ్బులో ఏది: వాటర్‌క్రెస్సా, తూటికూరా?

రెండూ నీటిలో పెరిగే ఆకుకూరలే, కానీ స్వభావాలు వేరు.

ఖర్చు: తూటికూర విత్తనాలు చవక. వాటర్‌క్రెస్ పెద్ద సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతుంది, ధర ఎక్కువ. అయితే ఒక్క కట్ట కొంటే చాలు, కాడల్ని గ్లాసు నీళ్లలో ఉంచితే వేర్లు వస్తాయి.

శ్రమ: తూటికూరకు ఎండ, తడి ఉంటే చాలు, నెలా నెలన్నరలో కోతకొస్తుంది. వాటర్‌క్రెస్‌కు చల్లని, తాజా నీరు కావాలి. మార్చి ఎండలకు పూత పట్టి ఆకు చేదెక్కుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాని కాలం.

రుచి: ఆవాల కుటుంబానిది కాబట్టి వాటర్‌క్రెస్‌ది ఘాటు, పచ్చిగానే బాగుంటుంది. తూటికూర పప్పులోకి, వేపుడులోకి.

ప్రమాదం: ఇక్కడ మాత్రం రాజీ వద్దు. చెరువు గట్టున కోసినవి రెండూ వద్దే వద్దు. బెళ్లందూరు, వర్తూరు చెరువుల్లోకి ఏళ్లుగా మురుగు చేరింది. నీటి మొక్కలు సీసం, కాడ్మియం లాంటి లోహాల్ని పీల్చుకుంటాయి, వండినా అవి పోవు. పశువులు తిరిగే వాగుల్లోని వాటర్‌క్రెస్‌ను పచ్చిగా తింటే కాలేయంలో చేరే పరాన్నజీవి సోకవచ్చు. వాటర్‌క్రెస్‌లో విటమిన్ కె చాలా ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు పనిని అది తగ్గించగలదు, కాబట్టి ఆ మందు వాడేవారు ముందు డాక్టర్‌ని అడగాలి.

నీడపట్టు బాల్కనీ, సలాడ్ ఇష్టం, రోజూ నీళ్లు మార్చే ఓపిక ఉంటే వాటర్‌క్రెస్. ఎండ మేడ, ఇంటిల్లిపాదికీ కూర కావాలంటే తూటికూర.