తాగి డ్యూటీకొచ్చినవాణ్ణి ఏం చెయ్యాలి: గేటు బయటికా, ఎంక్వైరీకా, ఇంకో అవకాశమా? ఏది మేలు?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఏదో ఒక కోల్డ్ స్టోరేజీ అనుకోండి. రాత్రి షిఫ్టులో అమ్మోనియా ప్రెషర్ చూసుకోవాల్సిన ఆపరేటరు తూలుతూ వచ్చాడు. ఒక మేనేజరు "రేపట్నుంచి రావద్దు, పో" అంటాడు. ఇంకొకాయన తెల్లకాగితం తోసి "సొంత పనుల వల్ల మానేస్తున్నానని రాసి సంతకం పెట్టు" అంటాడు. మూడో దారి చార్జిషీటు (తప్పేమిటో రాసి సంజాయిషీ అడిగే కాగితం), ఎంక్వైరీ. నాలుగోది వైద్యం చేయించి ఇంకో అవకాశం ఇవ్వడం.

మొదటి రెండూ తేలిగ్గా కనిపిస్తాయి గానీ, చివరికి ఎక్కువ ఖర్చు పెట్టించేవి అవే. విజయవాడలో మామూలు షాపైనా సరే, ఆరు నెలలు దాటి పనిచేసినవాణ్ణి తప్పు మోపి తీసెయ్యాలంటే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఎంక్వైరీ జరగాలి, అందులో సాక్ష్యం నమోదు కావాలి. అదేదీ లేకుండా పంపితే తిరిగి చేర్చుకోమనీ, మధ్యకాలం జీతం కట్టమనీ ఉత్తర్వు రావచ్చు. బలవంతపు రాజీనామా ఇంతకన్నా అధ్వానం. మర్నాడే లేబర్ ఆఫీసులో "బెదిరించి రాయించుకున్నారు" అని అర్జీ పడుతుంది. మీరు తాగాడనబోతే మీ కాగితంలోనే "సొంత పనులు" అని ఉంటుంది. ఉన్న ఒక్క ఆధారాన్నీ మీ చేత్తో మీరే చెరుపుకున్నట్టు.

మిగతా రెండింటిలో ఏది ఎంచుకున్నా మొదటి గంటలో చెయ్యాల్సింది ఒకటే. కేసు నిలిచేదీ పడిపోయేదీ అక్కడే.

ముందు మనిషిని యంత్రం దగ్గర్నుంచి తప్పించండి, తిట్టకండి. షుగర్ బాగా పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా మనిషి తాగినవాడిలాగే తూలతాడు, మాట తడబడుతుంది. అందుకే డాక్టరుకు చూపించడం సాక్ష్యం కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. బ్రెత్ ఎనలైజర్ ఉంటే పదిహేను, ఇరవై నిమిషాలు ఏమీ తాగనివ్వకుండా కూర్చోబెట్టి ఊదించండి. అప్పుడే గుక్క వేసినా, మౌత్‌వాష్ పుక్కిలించినా రీడింగు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రెండుసార్లు ఊదించి చీటీలు దాచండి, మిషన్ నంబరు, ఆఖరిసారి కాలిబ్రేషన్ (మిషన్ సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూడటం) చేయించిన తేదీ రాసుకోండి. రక్తపరీక్షకు అతను ఒప్పుకోవాలి; ఒప్పుకోకపోతే ఆ మాటే రాసి సాక్షులతో సంతకం పెట్టించండి. చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవొద్దని ముందే చెప్పండి, లేదంటే తర్వాత ఆ రీడింగు మీదే గొడవ. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు: ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం గంటకు సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాములు తగ్గిపోతుంది. రాత్రి పదింటికి చూసి తెల్లవారాక ఆసుపత్రికి తీసుకెళ్తే ఏమీ మిగలకపోవచ్చు.

వాసన, తూలడం, కనుపాపలు పెద్దవవడం మాత్రమే చాలవని సుప్రీంకోర్టు 1971లో ఒక క్రిమినల్ కేసులో చెప్పింది. ఎంక్వైరీకి అంత గట్టి రుజువు అక్కర్లేదు. అయినా వాసన ఒక్కటే పట్టుకుని వెళ్లకండి. రిపోర్టులో "తాగి ఉన్నాడు" అన్న తీర్పు వద్దు, కంటికి కనిపించింది రాయండి: "రాత్రి 10.20కి రెండో కంప్రెసర్ దగ్గర గేజ్ ఎంత చూపిస్తోందని రెండుసార్లు అడిగితే చెప్పలేకపోయాడు, గోడ పట్టుకుని నిలబడ్డాడు." ఇద్దరు సాక్షులు చాలు. ఒకరు తోటి కార్మికుడైతే మరీ మంచిది.

ఎంక్వైరీ దారిలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఆ రాత్రి పట్టుకున్న మేనేజరే చార్జిషీటు ఇస్తాడు, ఎంక్వైరీ ఆఫీసరుగా కూర్చునేదీ ఆయనే. అది నిలవదు. ఆటోనగర్‌లో పదిమంది పనిచేసే షెడ్డైతే బయటి వకీలును పెట్టుకోండి. సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం అతనికి ఇవ్వాలి. వాంగ్మూలం తెలుగులో రాసి ప్రతి పేజీ మీద సంతకం తీసుకోవాలి. స్టాండింగ్ ఆర్డర్లు (చట్టప్రకారం ధ్రువీకరించిన ఉద్యోగ నియమాలు) ఉన్నచోట సస్పెన్షన్‌లో మొదటి 90 రోజులు సగం జీతం, జాప్యం అతనివల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ఎంక్వైరీని 90 రోజుల్లోపు ముగించమంటోంది.

ఇంత చేసినా డిస్మిస్ నిలుస్తుందన్న హామీ లేదు. తాగి, బలగాలను తీసుకెళ్తున్న లారీ నడిపి ప్రమాదం చేసిన ఉత్తరప్రదేశ్ పోలీసు డ్రైవరు కేసులో 2022లో సుప్రీంకోర్టు తప్పును తప్పనే అంది. కానీ 25 ఏళ్ల సర్వీసు చూసి డిస్మిస్‌ను నిర్బంధ పదవీ విరమణగా మార్చింది. కాబట్టి పాత రికార్డు చూశామని శిక్ష ఉత్తర్వులో రాయాల్సిందే.

మరి ఏది మేలు? డ్రైవరు, బాయిలర్, అమ్మోనియా ఆపరేటరు లాంటి, పొరపాటు చేస్తే పక్కవాడి ప్రాణం పోయే పని అయితే మా ఓటు ఎంక్వైరీకే. లెక్కలు రాసేవాడు, ప్యాకింగ్ చేసేవాడు మొదటిసారి దొరికితే నాలుగో దారి మేలు. మొదటివాళ్లను వదిలేసి రెండోవాళ్లను తీసేసే యజమానులే ఎక్కువ, ఎందుకంటే ఆపరేటరు దొరకడం కష్టం!

అవకాశం ఇచ్చేటప్పుడు "రేపట్నుంచి ముట్టుకోకు" అని ప్రమాణం చేయించకండి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. గవర్నమెంటు జనరల్ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపండి, మత్తు అలవాటు మానడానికి సాయం చేసే 14446 హెల్ప్‌లైన్ నంబరు ఇవ్వండి, సెలవు పెట్టించండి. ఒప్పందంలో చికిత్స తేదీలు, ఎన్ని నెలలు పరీక్షలు జరుగుతాయో ఉండాలి. "మళ్లీ తాగితే ఎంక్వైరీ లేకుండా తీసేస్తాం" అన్న వాక్యం మాత్రం రాయకండి. దాన్ని నమ్ముకుని ఎంక్వైరీ ఎగ్గొడితే మళ్లీ మొదటి దారిలో పడ్డట్టే, చార్జిషీటు అప్పుడూ ఇవ్వాల్సిందే.