అద్దాల బిల్డింగుల ముందు సీపీఎల్ ఫిల్టర్: మూడేళ్ల వాడకం తర్వాత

ప్రతిబింబాలను తీసేసే ఫిల్టర్‌ను ప్రతిబింబాల ఫొటోలు తీయడానికి కొన్నావేంట్రా అని మావాడొకడు ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాడు. విజయవాడ బందరు రోడ్డులో అద్దాల బిల్డింగులు తీద్దామనుకునేవాళ్లకు మాత్రం నేను ముందు కొనమనేది దాన్నే, కొత్త లెన్సు సంగతి తర్వాత. నాది 67 ఎంఎం సర్క్యులర్ పోలరైజర్ (సీపీఎల్), అంటే లెన్సు ముందు బిగించి రింగు తిప్పే ఫిల్టర్, ధరలో మధ్యరకం. 18-135 ఎంఎం జూమ్ లెన్సు మీద వాడుతున్నాను.

గాజు మీద ఏటవాలుగా పడి తిరిగొచ్చే వెలుగు చాలావరకు ఒకే దిశలో కంపిస్తుంది. రింగు ఒకవైపు తిప్పితే ఆ వెలుగు ఆగిపోయి లోపలి గది కనిపిస్తుంది. అందరికీ తెలిసిన ఉపయోగం ఇదే. అక్కణ్ణుంచి ఇంకో పావు చుట్టు తిప్పి చూడండి. ఇప్పుడు ప్రతిబింబం దాదాపు పూర్తిగా వస్తుంది, అద్దం వెనక నుంచి వచ్చే వెలుగు మాత్రం ఇంచుమించు సగానికి పడిపోతుంది. షోరూములో ట్యూబ్‌లైట్లు, బొమ్మలకు కట్టిన పట్టుచీరలు మసకబారి, ఎదుటి మేడ, కరెంటు వైర్లు, ఆటోలు పైకి తేలతాయి. రోడ్డవతలి బోర్డు మీద తిరగబడ్డ అక్షరాలను కూడా కూడబలుక్కుని చదవొచ్చు. నాకు డబ్బులు గిట్టుబాటైంది ఈ పావు చుట్టుతోనే.

నిలబడే చోటును బట్టే ఇదంతా. అద్దానికి సూటిగా ఎదురు నిలబడితే ఎంత తిప్పినా తేడా రాదు. గాజు తలానికి సుమారు 34 డిగ్రీల కోణంలో చూస్తే ఫలితం బాగా తెలుస్తుంది. కోణాలు కొలుచుకుంటూ ఎవరు కూర్చుంటారు? రింగు తిప్పుతూ నాలుగడుగులు పక్కకు నడిస్తే వ్యూఫైండర్‌లోనే తెలిసిపోతుంది. ఎండ ఎదుటి బిల్డింగు మీద పడుతూ, మన అద్దం నీడలో ఉన్న సమయం చూసుకోవాలి. మధ్యలో వాచ్‌మన్ వచ్చి “ఇక్కడ ఫొటోలు తీయకూడదు సార్” అంటాడు. రోడ్డవతలికి వెళ్లి జూమ్ చేసుకోవడమే.

ఫోకస్ విషయంలో ఫిల్టర్ సాయం చేయదు. ఆటోఫోకస్ అద్దం ఫ్రేమునో, దాని మీది దుమ్మునో పట్టుకుంటుంది. అద్దం మనకు 10 మీటర్లలో ఉండి, ఎదుటి మేడ అద్దానికి 40 మీటర్లలో ఉంటే ఫోకస్ రెండు దూరాలూ కలిపి 50 మీటర్లకు కుదరాలి. నేను ప్రతిబింబంలోని బోర్డు అంచు మీద పెట్టి ఎఫ్8లో (లెన్సు రంధ్రం కాస్త చిన్నది చేసి) తీస్తాను. ఇక దుమ్ము అంటారా, అది పోలరైజర్‌తో పోదు. మంచి వాన కురిసిన మర్నాడు వెళ్లండి.

బెంజి సర్కిల్ వైపు డబుల్ గ్లేజింగ్ (రెండు పలకల) అద్దాల్లో వాహనాలు వంకర్లు పోతుంటాయి. ఒక పలకలో లారీ క్యాబిన్ సాగిపోయి, పక్క పలకలో దాని బాడీ కాస్త కిందికి జారి కనిపిస్తుంది. రెండు గాజుల మధ్య మూసి ఉన్న గాలి ఎండకు వ్యాకోచించి పలకల్ని ఉబ్బిస్తుంది, అందుకే మధ్యాహ్నం ఆ వంకర ఇంకా ఎక్కువ. నాకైతే అదే ఇష్టం.

లోటుపాట్లు లేకపోలేదు. అద్దంలా మెరిసే లోహపు పూత ఉన్న గాజు మీద దీని పని అంతంతమాత్రం. టఫెన్డ్ గాజు మీద ఒక్కోసారి పులిచారల్లా నల్ల మచ్చలు తేలతాయి. అవి గాజును వేడిచేసి చల్లార్చినప్పుడు మిగిలిన ఒత్తిడి గుర్తులు, ఎడిటింగులో చచ్చినా పోవు. లెన్సును 18 ఎంఎం దగ్గర, అంటే బాగా వెడల్పుగా పెట్టి తీస్తే ఆకాశం ఒకపక్క ముదురు నీలం, ఇంకోపక్క వెలవెల. పైగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు). ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 400తో అయ్యే పనికి 1600 కావాలి, కాబట్టి దీపాలు పెట్టే వేళకు తీసి జేబులో వేసుకుంటాను.

నా అల్యూమినియం రింగు మే నెల ఎండకు లెన్సుకు బిగుసుకుపోతే రబ్బరు బ్యాండు చుట్టి తిప్పాల్సి వచ్చింది. ఈసారి కొంటే ఇత్తడి రింగుదే కొంటాను. ఫోనుతో తీసేవాళ్లూ దీన్ని కెమెరా ముందు చేత్తో పట్టుకుని వాడొచ్చు. లెన్సుకు బిగించే మరలున్న వైపు ఫోనుకు ఉండాలి. తిరగేసి పట్టుకుంటే ఎంత తిప్పినా ప్రతిబింబం కదలదు.