కీమో పోర్ట్: ఎముక క్యాన్సర్ పిల్లలకు పెట్టించదగ్గదేనా?

మోకాలి పక్కన వాపు, అర్ధరాత్రి నిద్ర లేపేసే నొప్పి. ఆటలో దెబ్బ తగిలిందనుకుని నూనె మర్దనా, ఆపైన నాటుకట్టు. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ చాలా ఇళ్లలో ఇలాగే ఆలస్యంగా బయటపడుతుంది. ఎదిగే పిల్లలకు ఒకేచోట నొప్పి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ముందు ఎక్స్‌రే తీయించాలి. మర్దనా వద్దే వద్దు. బయాప్సీలో (కణితి ముక్క తీసి చేసే పరీక్షలో) జబ్బు ఖాయమయ్యాక కీమో మొదలయ్యేలోపు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది: మందు ఎక్కించడానికి పోర్ట్ పెట్టించాలా, చేతి సిరలోంచి వేసే సన్నటి గొట్టం, అంటే పిక్ లైన్ సరిపోతుందా?

పోర్ట్ అంటే ఛాతీ మీద, చర్మం కింద అమర్చే చిన్న డబ్బీ. టైటానియంతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు. పైన సిలికాన్ మూత ఉంటుంది. దాని నుంచి సన్నటి గొట్టం గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళుతుంది. పిల్లలకు పూర్తి మత్తిచ్చి పెడతారు. కణితి భుజం దగ్గరుంటే పోర్ట్ రెండో వైపు పెట్టించాలి.

దీని అసలు విలువ డాక్సోరుబిసిన్ ఎక్కించేటప్పుడు తెలుస్తుంది. ఎర్రగా ఉండే ఈ మందు చేతి నరం లోంచి బయటికి కారితే అక్కడి చర్మం, కండ చచ్చిపోతాయి. మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ కలిసిన పద్ధతిలో చికిత్స దాదాపు 29 వారాలు నడుస్తుంది. అన్ని వారాలు చేతి నరాల మీద ఆధారపడటం పిల్లలకు నరకం. పిక్ లైన్ పెట్టడం తేలికే. కానీ గొట్టం చేతి బయట వేలాడుతుంది, వారం వారం డ్రెస్సింగ్ మార్చాలి, తడవనివ్వకూడదు. కాలి ఆపరేషన్ తర్వాత చంక కర్రలతో నడిచే పిల్లలకు ఆ చేతి మీదే బరువు పడుతుంది, గొట్టం కదిలిపోతుంది. అందుకే ఈ జబ్బుకు మా ఓటు పోర్ట్‌కే.

వాడకంలో తప్పులు ఎక్కువగా సూది దగ్గరే జరుగుతాయి. పోర్ట్‌కు దాని కోసమే చేసిన హ్యూబర్ సూదే వాడాలి. మామూలు సూది సిలికాన్‌లోంచి ముక్క కోసేస్తుంది, మూత కారడం మొదలవుతుంది. జిల్లా ఆసుపత్రుల్లో ఈ సూది దొరకకపోవచ్చు కాబట్టి రెండు వెంట ఉంచుకోండి. గుచ్చడానికి గంట ముందు మత్తు క్రీమ్ మందంగా రాసి, పైన ప్లాస్టిక్ ఫిల్మ్ అంటిస్తే పిల్లలు ఏడవరు. నిరంతరం మందు ఎక్కుతుంటే ఏడు రోజులకోసారి సూది మార్చాలి.

మందు పెట్టే ముందు ప్రతిసారీ సిరంజిలోకి రక్తం వెనక్కి రావాలి. రాకపోతే చెయ్యి పైకెత్తించి, దగ్గించి, పడుకునే తీరు మార్చి మళ్లీ చూస్తారు. అప్పటికీ రాకపోతే ఎర్ర మందు ఎక్కించనివ్వకండి. గొట్టం కొసన రక్తపు పొర కట్టి ఉండొచ్చు, దాన్ని కరిగించే మందు వేరే ఉంది. ఫ్లష్‌కు, అంటే గొట్టాన్ని సెలైన్‌తో కడగడానికి, 10 మి.లీ. సిరంజే వాడాలి. 2, 5 మి.లీ. సిరంజిలు చిన్నవే అయినా వాటి ఒత్తిడి ఎక్కువ, గొట్టం పగలొచ్చు. సెలైన్‌ను ఆపి ఆపి నెట్టి, చివర రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందును డాక్టరు చెప్పిన మోతాదులో నింపాలి. వాడకం లేనప్పుడు నాలుగు వారాలకోసారి ఇదే పని.

లోపాల్లో పెద్దది ఇన్ఫెక్షన్. ఒళ్లు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. అడగకుండా పారాసిటమాల్ వేస్తే జ్వరం కనబడకుండా పోతుంది, లోపలి ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఫ్లష్ చేసిన కాసేపటికే చలితో వణికితే పోర్ట్‌నే అనుమానించాలి. అటువైపు చెయ్యిగానీ మెడగానీ ఉబ్బితే సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. స్కూలు బ్యాగు పట్టీ పోర్ట్ మీద ఒరుసుకోకుండా చూసుకోండి.

పోర్ట్‌తో ఇచ్చే కార్డు పారేయకండి. స్కానింగ్‌లో బొమ్మ స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ మందును మెషిన్‌తో ఇందులోంచి ఎక్కించొచ్చో లేదో దాని మీదే ఉంటుంది. ఆ రకం కాని పోర్ట్‌లో మెషిన్ ఒత్తిడికి గొట్టం పగలొచ్చు. పోర్ట్ ఖర్చు చికిత్స ప్యాకేజీలోనే ఉందా, విడిగా కట్టాలా అన్నది చేరిన రోజే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. చికిత్స ముగిశాక చిన్న ఆపరేషన్‌తో పోర్ట్ తీసేస్తారు. అది తీసేదాకా ఫ్లష్ తేదీలు ఆ కార్డు వెనకే రాసుకోండి.