షేల్ గ్యాస్: పోలండ్ వైఫల్యమా, బ్రిటన్ వైఫల్యమా, ఏది మేలు?

అనంతపురం వైపు రైతుకు బోరు ఫెయిలవడంలో రకాలు తెలుసు. చివరిదాకా దింపినా దుమ్మే లేస్తే ఆ చోటు సంగతి తేలిపోయినట్టే. సగంలో రిగ్గు ఆగిపోతే డబ్బూ పోతుంది, అనుమానమూ తీరదు. షేల్ గ్యాస్ అంటే భూమి లోతున షేల్ అనే పొరల రాయిలో చిక్కుకున్న గ్యాస్; ఒత్తిడితో నీళ్లు, ఇసుక పంపి రాయిని పగలగొట్టి తీస్తారు. అందులో పోలండ్‌ది మొదటి రకం, బ్రిటన్‌ది రెండోది.

2011లో అమెరికా ఇంధన సమాచార సంస్థ పోలండ్‌లో 5.3 లక్షల కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ తీయొచ్చని అంచనా కట్టింది. అప్పట్లో రష్యా గ్యాస్ మీద బతికే దేశం, ఇక పండగే! ఏడాది తిరక్కుండానే పోలండ్ భూగర్భ సంస్థ పాత బావుల రికార్డులు తిరగేసి, బహుశా 34,600 నుంచి 76,800 కోట్ల ఘనపు మీటర్లే ఉండొచ్చని తేల్చింది. అయినా తవ్వకం ఆగలేదు. 2012లో ఎక్సాన్‌మొబిల్ రెండు బావులు చూసి వెళ్లిపోయింది. 2015లో షెవ్రాన్, కొనొకోఫిలిప్స్ సర్దుకున్నాయి. మొత్తం దాదాపు 70 బావులు. పన్నుల చట్టం మీద నాన్చుడు నిజమే కానీ అసలు చిక్కు రాయిలో ఉంది. గ్యాస్ బాగా వచ్చిన అమెరికా బార్నెట్ షేల్‌లో సిలికా (ఇసుకలో ఉండే గట్టి ఖనిజం) ఎక్కువ, ఒత్తిడి పెడితే పెళుసుగా పగులుతుంది. పోలండ్ షేల్‌లో బంకమన్ను పాలు ఎక్కువ. పగులు మూసుకోకుండా పంపిన ఇసుక రేణువులు మెత్తని రాయిలోకి దిగబడతాయి, పగులు మళ్లీ మూసుకుంటుంది. పైగా మూడు, నాలుగు కిలోమీటర్ల లోతు.

బ్రిటన్‌లో రాయి ఏమంటుందో వినేలోపే భూమి కదిలింది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో 2011లో రాయిని పగలగొడుతుంటే 2.3 తీవ్రతతో ప్రకంపన వచ్చింది. తర్వాత 0.5 దాటితే పని ఆపాలని రూలు పెట్టారు. ఇంట్లో కూర్చున్నవాళ్లకు తెలియనంత చిన్న కదలిక అది! అదే లాంకషైర్‌లోని ప్రెస్టన్ న్యూ రోడ్‌లో క్వాడ్రిల్లా కంపెనీ 2018లో మొదలుపెట్టి, ఆగుతూ సాగుతూ నడిపింది. 2019 ఆగస్టులో 2.9 వచ్చింది, నవంబరులో ప్రభుత్వం నిషేధించింది. జనం భయాన్ని తప్పుపట్టను, గోడలు ఊగింది వాళ్ల ఇళ్లలోనే. కానీ అక్కడి షేల్ నుంచి లాభసాటిగా గ్యాస్ వస్తుందా అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

నా ఓటు పోలండ్‌కే, అక్కడ అనుమానమైతే తీరింది. 2022 సెప్టెంబరులో ఆ దేశం నార్వే గ్యాస్ తెచ్చే బాల్టిక్ పైప్ ప్రారంభించుకుంది. అదే నెలలో బ్రిటన్ నిషేధం ఎత్తేసి, అక్టోబరులో మళ్లీ పెట్టింది.