ఉప్పల్ స్కైవాక్: అమ్మకు పూర్తిగా నచ్చింది, నాకు ఐదింట నాలుగు వంతులు

జనం బిర్యానీకో కొత్త ఫోన్‌కో రివ్యూ రాస్తారు, నేను ఒక ఇనుప వంతెనకి రాస్తున్నా. హైదరాబాద్‌లో ఉప్పల్ చౌరస్తా మీద, నడిచేవాళ్లు రోడ్డు దాటడానికి గుండ్రంగా తిరిగే స్కైవాక్ ఉంది కదా, అదే. వారానికి నాలుగైదు సార్లు ఎక్కి దిగేవాణ్ణి, ఆ మాత్రం హక్కు ఉందనుకుంటా.

ఇది లేనప్పుడు ఎలా ఉండేదో చూడనివాళ్లకి చెప్పాలి. సికింద్రాబాద్, రామంతాపూర్, ఎల్బీనగర్, వరంగల్, నాలుగు దిక్కుల నుంచీ బండ్లు వచ్చి పడే చోటు. వరంగల్ బస్సు దిగి మెట్రో స్టేషన్‌కి వెళ్లాలంటే అరచెయ్యి చూపిస్తూ, కదిలే బస్సు చాటున నడుస్తూ, డివైడర్ మీద ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్లీ అదే పని. ఒకసారి వానలో సరిగ్గా రోడ్డు మధ్యలో నా ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. వెనక్కి తిరిగి వంగి తీసుకోబోయా, తెలివి తక్కువ పని, లారీవాడు కొట్టిన హారన్ ఇప్పటికీ చెవిలో ఉంది. చెప్పు అక్కడే వదిలేసి ఒంటి చెప్పుతో మెట్రో ఎక్కా. అందరూ నా కాళ్లే చూశారు.

2023 జూన్‌లో దీన్ని అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. కట్టింది హెచ్ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, ఖర్చు 25 కోట్ల వరకు. అర కిలోమీటరుకు పైగా పొడవు, అంతా స్టీలు, మెట్లతో పాటు లిఫ్టులు, ఎస్కలేటర్లు, పైనుంచి నేరుగా మెట్రో స్టేషన్‌లోకి దారి. టికెట్ లేదు. ఫ్లైఓవర్లకి వందల కోట్లు పోసే ఊళ్లో నడిచేవాళ్ల కోసం ఇంత పెద్దది కట్టడం చిన్న విషయమేం కాదు, ఇక్కడ మెచ్చుకోకపోతే తప్పు.

అసలు పరీక్ష మా అమ్మ వచ్చినప్పుడు జరిగింది. హనుమకొండలో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కి, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని (2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి ఉచితం కదా, అప్పటి నుంచి నెలకోసారి దిగుతోంది), చేతిలో పచ్చడి డబ్బాల సంచితో ఉప్పల్‌లో దిగింది. మోకాళ్ల నొప్పులు. లిఫ్ట్‌లో పైకి తీసుకెళ్లా. పైన నిలబడి కిందకి చూసి, "గీడనేనా నువ్వు చెప్పు పారేసుకున్నది?" అంది. తర్వాత ఇంకో మాట: "నడిసేటోళ్లను గింత మీదికెక్కించి దించుడేందిరా, ఆ బండ్లే జర ఆగొచ్చు గదా."

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. కారువాడు ఏసీలో కూర్చుని నేల మీదే పోతాడు, సంచి మోసేవాళ్లు మాత్రం రెండంతస్తులు ఎక్కి చుట్టూ తిరిగి దిగాలి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది నడిచి వెళ్లేవాళ్లే. ప్రతి చౌరస్తాకీ 25 కోట్ల వంతెన కట్టలేం. జీబ్రా గీత, నడిచేవాళ్లకి ఓ అరనిమిషం సిగ్నల్, ఆక్రమణ లేని ఫుట్‌పాత్... వీటికి పెద్ద డబ్బేం కాదు గానీ రిబ్బన్ కత్తిరించడానికి ఏముంటుంది అందులో?

ఇక నేను కోసేసిన ఆ ఒక్క వంతు సంగతి. వంతెన దిగగానే కథ మళ్లీ మొదటికి వస్తుంది. షేర్ ఆటోలు ఆపేచోట ఆటోలు, బస్సు ఆగాల్సిన చోటా ఆటోలే, అందుకని బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది, జనం రోడ్డు మీదకి పరిగెడతారు. పైన కాపాడిన ప్రాణాన్ని కింద మళ్లీ పందెం కాసినట్టే. ఎవరిని అడగాలి? స్కైవాక్ హెచ్ఎండీఏ కట్టింది, బస్సు ఆర్టీసీది, బస్ షెల్టర్లు బల్దియా, అంటే నగరపాలక సంస్థ, చూస్తుంది (ప్రకటనల ఏజెన్సీలకి ఇచ్చి కట్టిస్తుంది, అందుకే కొన్నిచోట్ల బస్సు నంబర్ కంటే నగల బొమ్మ పెద్దగా ఉంటుంది), ఆటోలని కదిలించాల్సింది ట్రాఫిక్ పోలీసులు, వరంగల్ వైపు రోడ్డేమో జాతీయ రహదారి. ఆ రోడ్డు మీద నారపల్లి దాకా 2018లో మొదలుపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ ఏళ్ల తరబడి ఎలా సాగిందో బోడుప్పల్ వాళ్లని అడగండి, దుమ్ముతో సహా చెబుతారు.

తమాషా ఏంటంటే 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీల పనుల జాబితా ఉంది, అందులో వీధి దీపాలు, పార్కింగ్‌తో పాటు బస్ స్టాపులు కూడా పేరు పెట్టి మరీ ఉన్నాయి. బస్సులు మాత్రం లేవు. అంటే బస్సు కోసం నిలబడే చోటు కార్పొరేటర్‌ది, రావాల్సిన బస్సు ఇంకొకరిది. మా వార్డులో ఓట్లడగడానికి వచ్చినవాళ్లు డ్రైనేజీ గురించి మాట్లాడారు, బస్ స్టాప్ గురించి ఒక్కరు ఎత్తితే ఒట్టు. మనమూ అడగలేదనుకోండి.

లిఫ్టుల గురించి ఒక మాట. ఊళ్లో ఇంకోచోట, ఎక్కడో చెప్పను, ఒక ఫుట్ ఓవర్ బ్రిడ్జికి లిఫ్ట్ ఉంది, నేను వెళ్లిన మూడుసార్లూ తాళమే. ఆ తాళం బుర్రను చూస్తూ మెట్లెక్కుతుంటే మండిపోతుంది. అమ్మ వచ్చిన రోజు ఉప్పల్‌లో అలా జరగలేదు, అందుకే ఈ నాలుగు స్టార్లు. లిఫ్ట్ పని చేయని రోజు ముసలివాళ్లకి ఇది వంతెన కాదు, గోడ.

ఐదుకి నాలుగు. కింద బస్ స్టాప్‌కి విడిగా ఇవ్వమంటే ఒకటిన్నర.

కొత్తగా వెళ్లేవాళ్లకి: పైన ఎటు దిగాలో బోర్డు చూసుకోండి, తప్పు వైపు దిగితే మళ్లీ ఎక్కాల్సిందే, నేను రెండుసార్లు దిగా. సామాను ఉంటే తిన్నగా లిఫ్ట్ వైపే వెళ్లండి. చెప్పులు మాత్రం వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి, వంతెన దిగాక బస్సు కోసం ఎలాగూ పరిగెత్తాలి.