రైజెన్ 5 5600జీతో చవక డెస్క్‌టాప్: మూడున్నరేళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది మార్చాల్సి వచ్చింది

2022 మధ్యలో బిగించిన సిస్టమ్ ఇది. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ550 చిప్‌సెట్‌తో రెండు ర్యామ్ స్లాట్ల మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, 3200 స్పీడు డీడీఆర్4 ర్యామ్ 8 జీబీవి రెండు స్టిక్కులు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్), 450 వాట్ల బ్రాంజ్ రేటింగ్ ఎస్ఎంపీఎస్ (సిస్టమ్ భాగాలకు కరెంటు అందించే పెట్టె), ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్, 600 వీఏ యూపీఎస్. గ్రాఫిక్స్ కార్డు లేదు. రోజూ ఎనిమిది పది గంటలు నడుస్తుంది. తెలుగు డీటీపీ, ట్యాలీ, బ్రౌజర్లో ముప్పై ట్యాబులు, నెలకు రెండు మూడు చిన్న వీడియోల ఎడిటింగ్, సెలవుల్లో పిల్లల ఆటలు దీని పని.

కొనేటప్పుడు అందరూ ప్రాసెసర్ గురించే అడుగుతారు. ఇన్నేళ్లలో ఈ సిస్టమ్‌ను నిలబెట్టింది మాత్రం ఎస్ఎంపీఎస్, జంట ర్యామ్, సరైన ఎర్తింగ్. తక్కువ బడ్జెట్‌లో వీటి దగ్గర కోత పెట్టకండి.

ముందు ప్రాసెసర్ సంగతి. 5600జీలో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, లోపలే వేగా గ్రాఫిక్స్. కార్డు ఖర్చు మొత్తం మిగలడమే దీన్ని కొనడానికి అసలు కారణం. ఆ లాభానికి బదులుగా రెండు వదులుకోవాలి. ఒకటి, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) 16 ఎంబీయే. లోపల గ్రాఫిక్స్ లేని 5600లో అది 32. రెండు, బోర్డు బీ550 అయినా సరే ఈ ప్రాసెసర్ పీసీఐఈ (కార్డూ ఎస్ఎస్‌డీ ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) 3.0, అంటే జెన్ 3 మాత్రమే ఇస్తుంది. కాబట్టి జెన్ 4 ఎస్ఎస్‌డీకి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ, దాని వేగం సెకనుకు 3500 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. తర్వాత కార్డు పెడదామనుకునేవాళ్లు ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి వెళ్లొద్దు. దానికి ఉన్న లేన్లు (డేటా వెళ్లే వరుసలు) నాలుగే, జెన్ 3 మీద అది బాగా దెబ్బతింటుంది. ఎనిమిది లేన్ల ఆర్‌ఎక్స్ 6600 లాంటిది నయం. కార్డుతో కలిపి మొదటిరోజే కొనగలిగితే 5600జీ వద్దు, 5600 తీసుకోండి.

ఆఫీసు పనికి, డీటీపీకి ఈ ప్రాసెసర్ ఒక్కరోజు కూడా చాల్లేదనిపించలేదు. వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటలు సెట్టింగులు తగ్గిస్తే 1080పీలో హాయిగా నడుస్తాయి. ఒక లోటు ఉంది: ఏవీ1 (యూట్యూబ్ వాడే ఒక వీడియో ఫార్మాట్) వీడియోలను డీకోడ్ చేసే హార్డ్‌వేర్ ఇందులో లేదు. యూట్యూబ్‌లో 4కే పెట్టగానే ఫ్యాన్ చప్పుడు పెరిగితే కారణం అదే, కోర్లు ఆ పని చేస్తున్నాయి. బొమ్మ మాత్రం ఆగదు.

ర్యామ్ దగ్గర చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, "ఇప్పుడు 16 జీబీ ఒక్క స్టిక్ వేద్దాం, తర్వాత ఇంకోటి వేద్దాం" అనుకోవడం. మామూలు సిస్టమ్‌లో అయితే సర్దుకుపోవచ్చు. ఇక్కడ గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది. 3200 ర్యామ్ రెండు స్టిక్కులతో సెకనుకు 51.2 జీబీ బ్యాండ్‌విడ్త్ (డేటా రాకపోకల వేగం) వస్తుంది, ఒంటి స్టిక్‌తో సరిగ్గా సగం, 25.6. ఆ సగం మీదే ప్రాసెసరూ గ్రాఫిక్సూ కొట్టుకోవాలి. ఆటల్లో తేడా కంటికి తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ వాడాలి. మొదటి రెండింట్లో పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఛానెల్‌లోకి (ఒకే దారిలోకి) పోతాయి.

బిగించాక బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుకు తెచ్చే సెట్టింగు) ఆన్ చేయకపోతే చాలా కిట్లు 2133 దగ్గరో 2666 దగ్గరో ఉండిపోతాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే స్పీడు కనిపిస్తుంది, ఒకసారి చూసుకోండి. అదే బయోస్‌లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ అని ఉంటుంది, గ్రాఫిక్స్ కోసం ర్యామ్‌లో పక్కన పెట్టే భాగం అది. 2 జీబీ ఇస్తే విండోస్‌కు మిగిలేది 14 జీబీకి అటూఇటూ. ఆటలు ఆడనివాళ్లకు 512 ఎంబీ చాలు, గ్రాఫిక్స్‌కు కావలసినప్పుడు ర్యామ్ నుంచి అదే ఇంకొంత తీసుకుంటుంది.

ఎస్ఎంపీఎస్ విషయానికి వద్దాం. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే దాని మీద 450 వాట్లని పెద్దక్షరాలతో ఉంటుంది. ఆ అంకె వదిలేసి స్టిక్కర్‌లో +12వీ గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు ఉంటే, పన్నెండుతో గుణిస్తే వచ్చేది 192 వాట్లే. ప్రాసెసర్‌కూ కార్డుకూ పనికొచ్చే కరెంటు అదే. నిజానికి కార్డు లేని ఈ సిస్టమ్‌కు 192 కూడా ఎక్కువే. 5600జీ ఎంత లోడు మీదైనా 88 వాట్ల దగ్గర తనంతట తానే ఆగుతుంది. కాబట్టి భయం వాట్ల గురించి కాదు. అలాంటి పెట్టెల్లో ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయో లేవో తెలియదు. పోయేటప్పుడు బోర్డునూ వెంట తీసుకుపోతుంది.

మన ఊళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. ఎండాకాలం సాయంత్రం ఏసీలన్నీ ఒక్కసారి ఆన్ అయ్యేసరికి వోల్టేజీ 180కి, కొన్నిచోట్ల 170కి దిగుతుంది. స్టిక్కర్ మీద ఇన్‌పుట్ 100-240వీ అని రాసి ఉన్న యాక్టివ్ పీఎఫ్‌సీ (వచ్చే కరెంటును సర్దుకునే సర్క్యూట్) ఎస్ఎంపీఎస్ ఆ వోల్టేజీలోనూ చెక్కుచెదరదు. 200-240 అని ఉన్నది రీస్టార్ట్ అవుతూ ఉంటుంది, మనం విండోస్‌ను అనుమానిస్తాం.

ఇక ఎర్తింగ్. క్యాబినెట్ వెనక స్క్రూను వట్టి కాళ్లతో నిలబడి ముట్టుకుంటే వేలికి జివ్వుమంటోందా? ఎస్ఎంపీఎస్ పాడైందని మార్చేయకండి. ప్రతి ఎస్ఎంపీఎస్‌లోనూ ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ వైరు ఉంటే ఆ లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ రేకు మీద దాదాపు సగం వోల్టేజీ నిలబడి ఉంటుంది. పాత అద్దె ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ పై కన్నం వెనక వైరే ఉండదు. మీటర్ పెట్టి చూస్తే ఫేజ్-న్యూట్రల్ 230, ఫేజ్-ఎర్త్ కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ ఒకటి రెండు వోల్టులు రావాలి. ఫేజ్-ఎర్త్ మధ్య వందకు అటూఇటూ ఊగుతుంటే ఎర్త్ లేనట్టే. మీటర్ అలవాటు లేనివాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అతను న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ సాకెట్‌లోనే కలిపేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజు క్యాబినెట్ రేకులోకి ఫేజ్ వచ్చేస్తుంది.

600 వీఏ యూపీఎస్ అంటే సాధారణంగా 360 వాట్లు. సీపీయూకూ మానిటర్‌కూ సరిపోతుంది, లేజర్ ప్రింటర్ దానికి తగిలించొద్దు. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీని ఒకసారి మార్చాల్సి వచ్చింది. అది అరిగే వస్తువే, బడ్జెట్‌లో రాసి పెట్టుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి.

డబ్బాలో వచ్చే కూలర్ నవంబర్లో చాలా బాగుంటుంది. మే నెలలో గది వేడికి వీడియో రెండర్ చేస్తే ప్రాసెసర్ వేడి 85 డిగ్రీలు దాటుతుంది. పరిమితి 95 డిగ్రీలు కాబట్టి చెడిపోదు, చప్పుడే భరించలేం. బయోస్‌లో టీడీపీని (ప్రాసెసర్ వాడే కరెంటుకు పరిమితి) 45 వాట్లకు దించితే ఆ బాధ పోతుంది, డీటీపీలో, ట్యాలీలో వేగం తగ్గినట్టే తెలియదు. మూడో ఏట థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పూత) మార్చేటప్పుడు జాగ్రత్త: ఏఎం4 సాకెట్‌లో కూర్చునే ఈ ప్రాసెసర్‌కు పిన్నులు కిందే ఉంటాయి, 1331. ఎండిన పేస్ట్ కూలర్‌కు అతుక్కుని ఉండగా నిలువుగా లాగితే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు సిస్టమ్ నడిపి వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీసి, నాలుగు స్క్రూలూ వదులు చేశాక కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ తీయాలి. బోర్డును ముందే పడుకోబెట్టండి, లేకపోతే వెనక ప్లేటు జారి పడుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఎదురెదురు మూలలకు రెండేసి చుట్ల చొప్పున.

దుమ్ము మూడు నెలలకోసారి తీయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే హద్దు మీరి తిరిగి బేరింగ్ పోతుంది. ర్యామ్ తీసి పెట్టాక తెర రాకపోతే పెన్సిల్ రబ్బరుతో బంగారు గీతలు రుద్ది మళ్లీ నొక్కండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, ర్యామ్ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌ను పరీక్షించి సర్దుకోవడం) జరుగుతోంది. కంగారుపడి మధ్యలో ఆపొద్దు.

ఎస్ఎస్‌డీలో టీఎల్‌సీ (ఒక్కో గడిలో మూడు బిట్లు దాచేది) అని ఉన్నది తీసుకోండి. క్యూఎల్‌సీ (నాలుగు బిట్లు దాచేది) చవక, కానీ వంద జీబీ ఒక్కసారి కాపీ చేస్తే మొదట ఉరికి, క్యాష్ నిండగానే హార్డ్ డిస్క్ వేగానికి పడిపోతుంది.

సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల మార్కెట్) అయినా మరెక్కడైనా, ప్రతి పార్టు సీరియల్ నంబరూ జీఎస్‌టీ బిల్లు మీద రాయించుకోండి. డబ్బా లేకుండా ఇచ్చే ట్రే ప్రాసెసర్‌కు డబ్బా సరుకుకున్న మూడేళ్ల కంపెనీ వారంటీ రాదు. బీ450, ఏ520, బీ550లో ఏది కొన్నా బయోస్ 5600జీని గుర్తుపట్టే వెర్షన్‌కు అప్‌డేట్ అయి ఉందా అని అక్కడే అడగండి, ఇంటికొచ్చాక తెర రాకపోతే అప్‌డేట్ చేయడానికి మీ దగ్గర పాత ప్రాసెసర్ ఉండదు.

మళ్లీ కొంటే మార్చేది బోర్డు. రెండు స్లాట్లది తీసుకుని కొంత మిగిల్చాను. ఇప్పుడు 32 జీబీకి వెళ్లాలంటే ఉన్న రెండు 8లూ తీసి పక్కన పెట్టి రెండు 16లు కొనాలి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఆకాశాన్నంటాయి, బోర్డు దగ్గర మిగిల్చిన డబ్బు దానికి ఏ మూలకూ రాదు. నాలుగు స్లాట్ల బోర్డయితే ఇంకో రెండు 8లు చేర్చితే సరిపోయేది.